రాష్ట్రముల పోటీ – రైతు నేర్వవలసిన పాఠము

శామీర్‌పేట దాపున ఒక రైతు మమ్ము, “అయ్యా, పెద్ద కంపెనీ వచ్చునట. తోటకు ఎరువు వేయుదునా, మానుదునా?” అని అడిగెను. ఈ పాఠము ఆ ప్రశ్ననుండి పుట్టినది.

మేడ్చల్ ప్రాంతమున ద్రాక్ష పెంచినవా రెఱుగుదురు. పండు నిలువ యుండదు. కొనువాడు తోటతోటకు తిరిగి, “పక్కవాడు తక్కువకే ఇచ్చుచున్నాడు” అని అందఱిచేత ధర తగ్గింపించును. పెద్ద కంపెనీలు ప్రభుత్వములయెడ ఈ యుక్తినే పన్నును. ఇచ్చట సరకు భూమి, నీరు, పన్నుల రాయితీ.

అమెరికాలో అమెజాన్ 2017లో రెండవ ప్రధాన కార్యాలయమునకు స్థలము కోరగా 238 ప్రాంతములవారు దరఖాస్తు పెట్టిరి. 2018లో ఎంపికయిన రెండింటిలో న్యూయార్కు ఒకటి. అది ఇవ్వజూపిన రాయితీలు సుమారు 300 కోట్ల డాలర్లు. ప్రజలలో వ్యతిరేకత లేవగా 2019 ఫిబ్రవరిలో కంపెనీ అచ్చటినుండి మరలిపోయెను.

మన దేశపు నిదర్శనము ఫాక్స్‌కాన్. దాని అధిపతి యంగ్ లియు 2023 మార్చి 2న ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావును కలిసెను. లక్ష ఉద్యోగములని తెలంగాణ ప్రకటించెను. మరునాడు కర్ణాటక ముఖ్యమంత్రి బసవరాజ్ బొమ్మైయు లక్షయే ప్రకటించెను. అంతట కంపెనీ, ఈ పర్యటనలో కట్టుబడు ఒప్పందమేదియు చేసికొనలేదని తెలిపెను. పిమ్మట లేఖ వ్రాసి, మే 15న కొంగరకలాన్‌లో శంకుస్థాపన చేసెను. కర్ణాటకమున దేవనహళ్లియొద్దను దాని కర్మాగారము వెలసెను. రెండు చోట్లును దానికి కావలసినవే.

కంపెనీలు రావలదని మేము చెప్పము. 1999లో శామీర్‌పేట ప్రాంతమున ఆరంభమైన జీనోమ్ వ్యాలీనుండియే కోవాక్సిన్ టీకా వెలువడినది. అయినను పోటీలో ఇచ్చు భూమి యెవరిదో మరువరాదు.

గుర్తుంచుకొనవలసినవి:

1. ప్రకటన ఒప్పందము కాదు. వదంతి విని పంట మానరాదు, తొందరపడి భూమి అమ్మరాదు.

2. 2013 భూసేకరణ చట్టము క్రింద ప్రాథమిక ప్రకటన వెలువడిన 60 దినములలో కలెక్టరునకు అభ్యంతరము వ్రాసి యీయవచ్చును. రసీదు తీసికొనుడు.

3. ఆ చట్టము ప్రకారము, నిర్ణయించిన పరిహారమునకు సమానమైన మొత్తము ‘సొలేషియము’ పేర అదనముగ రావలెను. లెక్క అడుగుడు.

4. ఒంటరిగా బేరమాడకుడు. కలిసి అమ్మిన ద్రాక్షకు ధర నిలిచినట్లే, కలిసి మాటాడిన గ్రామమునకు విలువ నిలుచును.

ఆ రైతునకు మే మిచ్చిన జవాబు: “ఎరువు వేయుము.”