మొక్కల మందును శుద్ధి చేయు నిరంతర విధానము

వికారాబాదు, తాండూరు ప్రాంతముల రైతులకు నిత్యకల్యాణి క్రొత్త మొక్క కాదు. దీనినే బిళ్లగన్నేరు అందురు. ఇది పెరళ్లలో ఏడాది పొడవునా పూయును, పశువులు ముట్టవు. 1958లో కెనడా శాస్త్రజ్ఞులు నోబుల్, బీర్ దీని ఆకునుండి విన్‌బ్లాస్టిన్ అను మందును వేరుచేసిరి. ఇదే ఆకునుండి వచ్చు విన్‌క్రిస్టిన్, పిల్లల రక్త క్యాన్సరు చికిత్సలో నేటికిని ముఖ్యమైనది. అయితే ఒక గ్రాము విన్‌బ్లాస్టిన్ తీయుటకు సుమారు 500 కిలోల ఎండుటాకు కావలెను. ఇంత ఆకునుండి అంత కొద్ది మందును ఎట్లు తీయుదురో తెలిసిన రైతు, ఆకును జాగ్రత్త చేయవలసిన కారణము కూడ తెలిసికొనును.

సారము తీయుట

చింతపండును ఒకసారి పిసికిన చిక్కని పులుసు, మరల నీరు పోసి పిసికిన పలుచని పులుసు వచ్చును. పొదుపెరిగిన ఇల్లాలు ఆ పలుచని నీటిని పారబోయక, క్రొత్త చింతపండు నానవేయుటకు వాడును. కర్మాగారములోను ఇదే సూత్రము. ఆకుపొడి ఒకవైపునుండి, ద్రావకము ఎదురు వైపునుండి వచ్చును. సారము పోయిన పొడికి స్వచ్ఛమైన ద్రావకమును, క్రొత్త పొడికి అప్పటికే సారము పట్టిన ద్రావకమును తగులును. తక్కువ ద్రావకముతో ఎక్కువ సారము దిగును.

వేరు చేయుట

ఈ సారములో నూటికి పైగా ఆల్కలాయిడులు కలిసియుండును. వికారాబాదు స్టేషనులో ఎక్స్‌ప్రెస్, ప్యాసింజరు బండ్లు ఒకేసారి బయలుదేరినవనుకొనుడు. ప్యాసింజరు ప్రతి స్టేషనులో ఆగును గనుక తాండూరు చేరునాటికి చాల వెనుకబడును. అట్లే సన్నని పొడి నింపిన గొట్టములో సారమును పంపినపుడు, పొడిని గట్టిగా అంటుకొను పదార్థము వెనుకబడి, అంటుకొననిది ముందు వచ్చును. దీనిని క్రొమాటోగ్రఫీ అందురు.

ఇందు ఒక తడవ పోసినది బయటికి వచ్చువరకు రెండవ తడవకై ఆగవలసి వచ్చును. పట్టాలే వెనుకకు జరుగుచున్నవనుకొనుడు: వాటి వేగము ప్యాసింజరు కంటె ఎక్కువ, ఎక్స్‌ప్రెస్ కంటె తక్కువ. అప్పుడు నడుమ ధారూరులో బయలుదేరిన ఎక్స్‌ప్రెస్ తాండూరు వైపునకు, ప్యాసింజరు వికారాబాదు వైపునకు పోవును. ధారూరులో ఎడతెగక బండ్లను వదలవచ్చును. నిజమునకు పొడిని కదిలించుట కష్టము. అందుచే కొన్ని గొట్టములను వలయముగా కలిపి, పోయు చోటును, తీయు చోట్లను నియమిత కాలమున ఒక్కొక్క గొట్టము ముందుకు మార్చుదురు. పెట్రోలియం పరిశ్రమకై రూపొందించిన ఈ విధానమునకు 1961లో అమెరికాలో పేటెంటు లభించినది. మలేరియా మందు ఆర్టెమిసినిన్ శుద్ధికి దీనిని జర్మనీలోని మాగ్డెబర్గ్ మాక్స్ ప్లాంక్ సంస్థలో పరీక్షించిరి.

రైతు చేయవలసినవి

యంత్రము ఉన్నదానిని వేరు చేయగలదే గాని, ఆకులో లేనిదానిని చేర్చలేదు. బూజు పట్టిన ఆకులో మందు నశించును. ఇతర ఆకులు కలిసిన శుద్ధి ఖర్చు పెరుగును. కావున:

1. నీరు నిలిచిన ఈ పైరు చచ్చును. వికారాబాదు పరిసరముల ఎర్రనేలలు అనుకూలము. తాండూరు నల్లరేగడిలో మురుగు పోవు వీలు లేనిచో వేయవద్దు. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందియే అచ్చట మేలు.

2. విత్తిన 6వ, 9వ నెలలలో ఆకు దూయవలెను. 12వ నెలలో మొక్కను వేళ్లతో త్రవ్వి, ఆకును, వేళ్లను వేరువేరుగా ఉంచవలెను. వేళ్లకును గిరాకీ కలదు.

3. గాలి తగులు నీడలో పలుచగా పరచి ఆరబెట్టవలెను. తడి ఆకును గోనెలలో కుక్కరాదు.

4. కొనువారితో ధర, తేమ, నాణ్యత వ్రాతమూలకముగా నిర్ణయించుకొనక పంట వేయరాదు. గ్రామాధికారులు ఈ విషయమును రైతులకు ముందుగా తెలుపవలెను. సలహాకు హైదరాబాదులోని బోడుప్పల్ సీమాప్ పరిశోధన కేంద్రమును సంప్రదించవచ్చును.

ఈ ఆకు విషపూరితము. దీని కషాయమును ఇంటిలో కాచి ఎవరును త్రాగరాదు. శుద్ధి చేసిన మందును సైతము వైద్యులు ఆసుపత్రిలో కొలత తప్పక ఇత్తురు.