పనిలోని మర్మము పంచుకొన్నచో తరుగునా, పెరుగునా?

మన వృత్తిలో ఒక పాత అలవాటు కలదు. రంగు బానలో ఏమి కలుపుదురో, నూలును ఎంతసేపు నానబెట్టుదురో పొరుగింటివానికి చెప్పరు. కొడుకునకు తప్ప అల్లునికైనను చెప్పని ఇండ్లు ఉన్నవి. ఆ కొడుకు పట్నములో ఉద్యోగమునకు పోయినచో, పెద్దాయన కన్నుమూసిన దినముననే ఆ ఎరుకయు కనుమరుగగును. ఇంతలో మరమగ్గములవారు మన అంచును, బుటాను అంగడిలో చూచి, నెల తిరుగకముందే అటువంటివి దించుచున్నారు. మనము దాచిన మర్మము మన తోటివానిని అడ్డగించినదే గాని వారిని అడ్డగించలేదు.

2019-20 చేనేత గణన ప్రకారము దేశములో ఈ పనిపై ఆధారపడిన వారు 35 లక్షలకు పైగా కలరు. వారిలో నూటికి 70 మందికి పైగా స్త్రీలు. ఇంతమంది ఎవరి గుంటలో వారు కూర్చుండి, ఎవరి చిక్కును వారే విప్పుకొనుచున్నచో వృత్తి నిలుచుట కష్టము. అట్లని ఉన్నదంతయు వీధిలో పోసినచో ఇల్లు గడవదు. కావున ఏది పంచుకొనవలెను, ఏది కాపాడుకొనవలెను అను ప్రశ్నను పరిశీలింతము.

నాడె చెప్పు పాఠము, అట్టలు చెప్పు పాఠము

1733లో ఇంగ్లండునందు జాన్ కే అనునతడు తాడు లాగగానే నాడె తనంత తాను పరుగెత్తు ఫ్లై షటిల్‌కు పేటెంటు పొందెను. అంతకుముందు వెడల్పు గుడ్డ నేయుటకు ఇద్దరు కావలసియుండగా, ఇప్పుడు ఒక్కడే చాలెను. బట్టల తయారీదారులు దానిని వాడుకొనిరి గాని, కేకు చెల్లవలసిన రుసుమును చెల్లించలేదు. పైగా, కోర్టు ఖర్చుల కొరకు ఒక కూటమిగా చేరి అతనితో పోరాడిరి. అతడు వ్యాజ్యములలో సొమ్మంతయు పోగొట్టుకొని ఫ్రాన్సుకు వలసపోయెను. పనిముట్టు లోకమునకు మిగిలినది, చేసినవానికి కష్టము మిగిలినది.

జాకార్డు కథ వేరు. మనము జాకార్డు అని పిలుచునది ఒక్కని బుద్ధిలో పుట్టినది కాదు. 1725లో బూషన్ రంధ్రముల కాగితపు చుట్టను వాడెను. తరువాత ఫాల్కన్ ఆ చుట్టకు మారుగా అట్టలను తెచ్చెను. 1745 ప్రాంతమున వోకాన్సన్ మనిషి సాయము లేకయే పోగులు లేపు మగ్గమును చేసెను. అతని యంత్రపు భాగములు పారిస్‌లోని ప్రజా సంగ్రహాలయములో ఉండగా, జోసెఫ్ మరీ జాకార్డు వాటిని చూచి, బాగుచేసి, ముగ్గురి తెలివిని ఒకచోట చేర్చెను. అట్టలో రంధ్రమున్నచోట సూది లోనికి పోవును, కొక్కెము పడుగు పోగును లేపును. రంధ్రము లేనిచోట అట్ట సూదిని వెనుకకు నెట్టును, పోగు లేవదు. 1804లో సిద్ధమైన ఈ యంత్రమును ఫ్రెంచి ప్రభుత్వము ప్రజల సొత్తుగా చేసి, జాకార్డుకు జీవిత భరణమును, అమర్చిన ఒక్కొక్క మగ్గమునకు కొంత సొమ్మును ఏర్పాటు చేసెను. తొలుత లియాన్ నేతగాండ్రు పని పోవునని భయపడి ఎదిరించిరి. అయినను కొద్ది ఏండ్లలోనే ఫ్రాన్సులో వేల మగ్గములపై అది నిలిచెను. నేడు సోలాపూరు చద్దరుపై పూవు లేచుటకును, కంచి చీర కొంగు నిండుటకును ఆ అట్టలే మూలము.

ఈ రెండు కథలను పక్కపక్కన పెట్టి చూడుడు. దాచినందువలన కే బాగుపడలేదు. తెరచినందువలన జాకార్డు చెడిపోలేదు. అయితే తెరచుటతో పాటు, చేసినవానికి ప్రతిఫలము ముందుగనే నిశ్చయింపబడినది. అసలు కీలకము అక్కడ ఉన్నది.

1929 నాటి లక్ష రూపాయలు

మన దేశమునందును ఇట్టి ప్రయత్నము జరిగినది. 1929లో గాంధీజీ ప్రోత్సాహముతో అఖిల భారత చరఖా సంఘము మేలైన రాట్నము చేసినవారికి లక్ష రూపాయల బహుమానము ప్రకటించెను. ఆనాడు అది సామాన్యమైన మొత్తము కాదు. నిబంధనలు చూడుడు: రాట్నము గుడిసెలో ఇమిడి, చేతితో గాని కాలితో గాని నడువవలెను, ఒక స్త్రీ అలసట లేక 8 గంటలు నడుపగలుగవలెను, ఆ 8 గంటలలో 12 నుండి 20 నంబరు నూలు 16,000 గజములు తీయవలెను, వెల 150 రూపాయలు మించరాదు, మన దేశములోనే తయారు కావలెను, గెలిచినవాడు దానిపై హక్కును సంఘమునకు అప్పగింపవలెను.

ఆ బహుమానము ఎవరికిని దక్కలేదు. అయినను ప్రశ్న నిలిచియుండెను. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత తమిళనాట ఏకాంబరనాథన్ మిల్లులోని రింగు నూలు సూత్రమును ఇంటిలో ఇముడునట్లు కుదించి ఒక రాట్నము చేసెను. అతని పేరునుబట్టియే అది అంబర్ చరఖా అయినది. 1956లో మొదలైన రెండవ పంచవర్ష ప్రణాళికలో ప్రభుత్వము దానిని విరివిగా ప్రచారము చేసెను. కష్టమేమో కొలతలతో వ్రాసి బయట పెట్టినచో, దానికి జవాబు మనము ఎరుగని చోటినుండి, మనము ఎరుగని కాలమున రావచ్చును. “మంచి పనిముట్టు కావలెను” అని ఊరక అనుకొన్నచో ఎవరును చేయలేరు. ఎంత బరువు, ఎంత వెల, ఎవరు నడుపవలెను అని చెప్పినప్పుడే చేయువానికి దారి తెలియును.

ఆసు పోయు చేయి

మన కాలములోని ఉదాహరణము ఆసు యంత్రము. పోచంపల్లి రకపు చిటికి చీరకు, రంగు కట్టక ముందు పేక నూలును మేకుల వరుసపై అటునిటు తిప్పి పోయవలెను. ఒక చీరకు చేయి దాదాపు 9,000 మార్లు ఆడవలెను. దినమునకు రెండు చీరలైనచో 18,000 మార్లు. ఈ పని చేయునది ఇంటి ఆడువారే. భుజములు, మోచేతులు నొప్పిపెట్టి, పని మానుకొన్నవారు ఎందరో కలరు. నల్గొండ సీమలోని శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి బాధ చూడలేక 1992లో యంత్రము తలపెట్టి, 1999లో ముగించెను. నడుమ ఒక కదలిక కుదరక పని ఆగిపోగా, హైదరాబాదులో ఒక యంత్రము ఆడు తీరు చూచి దానిని సాధించెను. చేతితో 4 నుండి 6 గంటలు పట్టు ఆసు, యంత్రముపై రెండు గంటల లోపుగా ముగియును. తల్లి పేరిట దానికి లక్ష్మీ ఆసు యంత్రమని పేరు పెట్టెను. అహమ్మదాబాదులో 2000లో ఏర్పడిన జాతీయ ఆవిష్కరణల ప్రతిష్ఠానము వంటి సంస్థలు అతనికి అండగా నిలిచినవి. 2017లో అతడు పద్మశ్రీ పొందెను.

అతడు పెద్ద చదువులు చదివినవాడు కాడు. మగ్గము ఎరిగినవాడు, ఇంటి బాధ ఎరిగినవాడు. అట్టివారు మన ప్రతి పేటలోను ఉన్నారు. వారికి లేనిది తమ తలంపును తీసుకొనిపోయి చెప్పుకొను చోటు మాత్రమే.

ఒక్కడు చేయలేనిది

తోటివారితో కలియక తీరని చిక్కు రంగు నీరు. అద్దకమునకు వాడిన ఉప్పు మామూలు శుద్ధిలో పోదు. అది వాగులో కలిసి, నేలలోనికి దిగి, బావులను చెరచును. తిరుప్పూరులో నొయ్యల్ నది ఇట్లే పాడయినందున 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అక్కడి అద్దకపు కార్ఖానాలను మూయవలసినదని ఆజ్ఞాపించెను. వేలమంది పని ఒక్కసారిగా ఆగినది. తిరిగి పని సాగినది పలువురు కలిసి నడుపు ఉమ్మడి శుద్ధి కేంద్రముల వలననే. అక్కడ నీటిని, ఉప్పును వేరుచేసి మరల అద్దకమునకే వాడుదురు. ఒక్కొక్కడు విడిగా అంత ఖర్చు భరింపజాలడు. మన పేటల అద్దకము చిన్నదైనను, మురుగు కాలువ అందరిది, బావియు అందరిది.

ఏది కాపాడుకొనవలెను?

పంచుకొనుట అనగా దోచుకొననిచ్చుట కాదు. ఊరి పేరుతో వచ్చిన సరుకునకు భౌగోళిక గుర్తింపు చట్టము 1999లో చేయబడి, 2003 నుండి అమలులో ఉన్నది. పోచంపల్లి ఇక్కత్తు, సోలాపూరు చద్దరు, బరంపురము పట్టు ఆ గుర్తింపు పొందినవి. ఈ గుర్తింపు ఒక్కని సొత్తు కాదు, ఆ పని చేయు వారందరిది. కాని ఊరికి గుర్తింపు వచ్చినంత మాత్రమున చాలదు. ప్రతి నేతగాడును అధీకృత వినియోగదారుగా తన పేరు నమోదు చేయించుకొనవలెను. ఇక సొంత ఊహతో వేసిన కొత్త నమూనాకు 2000 నాటి డిజైన్ల చట్టము క్రింద 10 ఏండ్లు, పొడిగించినచో మరి 5 ఏండ్లు రక్షణ కలదు. అంగడిలో పెట్టకముందే దరఖాస్తు చేయవలెనను సంగతి మరువరాదు.

కనుక మా అభిప్రాయము ఇది: నమూనా ఇంటిది, పేరు ఊరిది, పనిముట్టును ఆరోగ్యమును గూర్చిన ఎరుక అందరిది.

సంఘములు చేయదగిన పనులు

ఒకటి, ప్రతి సంఘము ఒక రంగుల పుస్తకము పెట్టవలెను. “గుప్పెడు”, “కొంచెము” అను మాటలు వలదు. నూలు ఎన్ని కిలోలు, నీరు ఎన్ని లీటర్లు, రంగు, ఉప్పు ఎన్ని గ్రాములు, వేడి ఎంత, కాలమెంత అని వ్రాయవలెను. కిలో చిలపలకు 20 లీటర్ల నీరు చాలుచోట 30 పోసినచో, రంగును ఉప్పును వృథాయగును, కాలువయు చెడును. తూచి వ్రాసినవానికే ఇది తెలియును.

రెండు, ఏటేట ఒక్క కష్టమును ఎంచుకొని, 1929 నాటివలె కొలతలతో ప్రకటింపవలెను. బహుమానము చిన్నదైనను నిబంధనలు స్పష్టముగా ఉండవలెను. ఆడువారు చేయు కండెలు చుట్టుట, ఆసు, పడుగు పనులకు మొదటి స్థానము ఇయ్యవలెను.

మూడు, చెప్పినవాని పేరు పుస్తకములో చెప్పిన విషయము పక్కనే వ్రాయవలెను. సొమ్ము వచ్చినచో అతనికి వాటా ఉండవలెను. పేరు పోవునను భయమే సగము మంది నోరు కట్టివేయుచున్నది.

నాలుగు, సేలములో దొరకిన ఉపాయము బరంపురమునకు, సోలాపూరులో దొరకినది యానామునకు చేరవలెను. మన తాతలు వేరు వేరు సీమలకు వలసపోయినప్పుడు మగ్గమును, భాషను వెంట తీసుకొనిపోయిరి. ఆ భాష నేటికిని మనలను కలుపుచున్నది. ఉపాయములు ప్రయాణించుటకు అంతకన్న మంచి బాట లేదు.

సభ్యులు తమ ఇంటి పెద్దలనడిగి, ఒక్కొక్కరు ఒక్కొక్క పద్ధతినైనను తూకముతో వ్రాయించి తమ సంఘమునకు అందజేయవలెనని కోరుచున్నాము. పెద్దల చేయి ఆడుచుండగానే ఈ పని జరుగవలెను.