ముందు కిటికీ, తర్వాతే టీవీ

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఫ్రిజ్‌లూ, మిక్సీలూ పక్కకు పోయాయి. అందరి చూపూ ఓలెడ్ టీవీల మీదే. లక్ష దాటే వస్తువు కదా, అడగడంలో తప్పు లేదు.

షోరూమ్‌లో ఎల్‌జీ సీ5, శాంసంగ్ ఎస్90ఎఫ్, సోనీ బ్రావియా 8 టూ పక్కపక్కనే పెట్టి చూపించారు. నాకు శాంసంగ్ నచ్చింది, మావారికి సోనీ. సేల్స్ అబ్బాయేమో ఎల్‌జీ తీసుకోమంటాడు. బొమ్మ విషయంలో ఏది మేలంటారు?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

మూడింట్లో ఏది తెచ్చుకున్నా మళ్లీ పాత టీవీ ముందు కూర్చోబుద్ధి కాదమ్మా, ఆ మాట ముందే చెప్పేస్తున్నా. మామూలు ఎల్‌ఈడీ టీవీలో నలుపంటే వెనకాల వెలుగుతున్న లైటుకు అడ్డం పెట్టిన తడిక. ఎంత మూసినా సందుల్లోంచి వెలుతురు కారుతూనే ఉంటుంది. ఓలెడ్‌లో వెనక లైటే ఉండదు. ఎనభై రెండు లక్షల పైచిలుకు చుక్కల్లో ప్రతి చుక్కా తనంతట తను వెలుగుతుంది, నలుపు కావాల్సినచోట పూర్తిగా ఆరిపోతుంది. మలయాళం ‘జల్లికట్టు’లో జనమంతా చీకట్లో కాగడాలు పట్టుకుని పరుగులు తీస్తారు, చూసే ఉంటారు. పాత టీవీలో ఆ చీకటి బూడిద రంగులో ఉంటుంది, మంట చుట్టూ తెల్లటి మసక. ఓలెడ్‌లో మంట మంటే, చీకటి చీకటే.

ఇక మీ పంచాయితీకి వద్దాం. సీ5లో ఉన్నది ఎల్‌జీ డిస్‌ప్లే వాళ్ల తెల్ల ఓలెడ్. తెల్లటి వెలుతురును రంగు ఫిల్టర్లలోంచి పంపి ఎరుపు, ఆకుపచ్చ, నీలం పుట్టిస్తారు. ప్రకాశం కోసం ప్రతి చుక్కలోనూ ఒక తెలుపు గడిని అలాగే వదిలేస్తారు. దాంతో బాగా వెలుగుండే దృశ్యాల్లో రంగులో సున్నం కలిపినట్టు కాస్త పలచబడుతుంది. శాంసంగ్ డిస్‌ప్లే 2022లో తెచ్చిన క్యూడీ-ఓలెడ్‌ది వేరే దారి. అందులో పుట్టేది నీలం వెలుతురు, క్వాంటమ్ డాట్ల పొర దాన్ని ఎరుపుగా, ఆకుపచ్చగా మారుస్తుంది. తెలుపు గడి లేదు కాబట్టి పట్టుచీర ఎరుపు ఎంత వెలుగులోనైనా ఎరుపులాగే నిలుస్తుంది. బ్రావియా 8 టూలో ఉన్నది ఈ తెరే. ఎస్90ఎఫ్‌లో మాత్రం సైజును బట్టి, అమ్మే దేశాన్ని బట్టి ప్యానల్ మారుతుంది. మీకు చూపించిన దాంట్లో క్యూడీ-ఓలెడ్ ఉంటే గనక మీరూ మీవారూ ఒకే ఫ్యాక్టరీ తెర గురించి గొడవపడుతున్నట్టు! తెలుసుకోవాలంటే టీవీ కట్టేయించి, ఆరిన తెర మీద ఫోన్ టార్చి కొట్టండి. నల్లగా ఉండిపోతే తెల్ల ఓలెడ్. లేత వంగపండు ఛాయ తేలితే క్యూడీ.

ఆ వంగపండు ఛాయలోనే ఉంది అసలు కిటుకు. షోరూమ్‌లో ఎవరూ అడగని ప్రశ్న ఒకటి నేను అడుగుతా: మీ హాల్లో టీవీకి ఎదురుగా కిటికీ గానీ, బాల్కనీ తలుపు గానీ ఉందా? ఉండి, పగలు కూడా టీవీ చూసే ఇల్లయితే క్యూడీ-ఓలెడ్ గొప్ప నలుపు మధ్యాహ్నానికి బూడిదలో పడుతుంది. అలాంటి గదికి సీ5 మేలు, డబ్బుంటే ఎల్‌జీలోనే పై మోడల్ జీ5 ఇంకా మేలు. జీ5లో వెలుతురునిచ్చే పొరలు నాలుగు, అందుకే ప్రకాశం బాగా ఎక్కువ. శాంసంగ్‌లో పై మోడల్ ఎస్95ఎఫ్‌కు గరుకు పూత ఉంటుంది. అద్దంలో ట్యూబ్‌లైటు కనబడినట్టు కనబడదు, కానీ ఆ వెలుతురు తెరంతా పరుచుకుని నలుపును కాస్త తేలుస్తుంది. రాత్రిళ్లు లైట్లార్పుకుని సినిమాలు చూసే వాళ్లయితే మీవారి మాటే వినండి. ముఖాల రంగు, చీకటి దృశ్యాల్లో వివరం, సెట్‌టాప్ బాక్సు నుంచి వచ్చే నాసిరకం బొమ్మను సరిచేయడం, ఈ మూడింట్లో సోనీ చెయ్యి తిరిగిన వంటవాడు.

ఇంకో సంగతి. వెలుగునీడల తేడాను దృశ్యం దృశ్యానికీ సరిచేసే హెచ్‌డీఆర్ పద్ధతుల్లో శాంసంగ్‌కు డాల్బీ విజన్ ఉండదు, హెచ్‌డీఆర్10 ప్లస్ ఉంటుంది. ఇదివరకైతే దీన్ని పెద్ద లోటనేవాణ్ని. 2025 నుంచి నెట్‌ఫ్లిక్స్ కూడా హెచ్‌డీఆర్10 ప్లస్ ఇస్తోంది కాబట్టి ఆ పట్టు సడలించుకున్నా.

మళ్లీ షోరూమ్‌కి వెళితే ఇంట్లో ఫోన్‌తో తీసిన వీడియో పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లండి. మీ అమ్మాయి ముఖం ఏ రంగులో ఉంటుందో మీకు తెలిసినట్టు ఏ డెమో వీడియోకీ తెలియదు. మూడింటినీ సినిమా మోడ్‌లోనో, ఫిల్మ్‌మేకర్ మోడ్‌లోనో పెట్టమనండి. షోరూమ్‌లో టీవీలన్నీ ‘వివిడ్’లో ఉంటాయి. ఆ మోడ్‌లో పాలు నీలంగా కనబడతాయి.

మా అబ్బాయికి పీఎస్5 ఉంది. 165 హెర్ట్జ్ టీవీయే కావాలని పట్టుబట్టాడు. ఆ అంకె కోసం అంత డబ్బు పోయాలా?
– ఓ తండ్రి, ఒంగోలు

అక్కర్లేదండీ. పీఎస్5 పంపేదే సెకనుకు గరిష్ఠంగా 120 ఫ్రేములు. 144, 165 అంకెలు మంచి గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటర్ తగిలించే వాళ్లకి. ఏ గేములు ఆడుతున్నాడో ఓసారి అడగండి, చాలావరకు 60 దగ్గరే నడిచేవై ఉంటాయి.

మీరు లెక్కపెట్టాల్సింది హెర్ట్జ్‌లు కాదు, వెనకాల ఉన్న హెచ్‌డీఎంఐ 2.1 రంధ్రాలు. 4కేలో 120 ఫ్రేములు రావాలంటే ఆ పోర్టే కావాలి. సీ5లోనూ, ఎస్90ఎఫ్‌లోనూ నాలుగుకు నాలుగూ అవే. బ్రావియాలో రెండే, అందులో ఒకటి సౌండ్‌బార్‌కు వాడే ఈఆర్క్ పోర్టు. పీఎస్5 ఒక దాంట్లో, సౌండ్‌బార్ ఇంకో దాంట్లో పెట్టాక రేపు ఎక్స్‌బాక్స్ తెస్తే చోటుండదు. ప్లేస్టేషన్ చేసే సోనీయే ఇంత పిసినారితనం చూపించడం నాకు ఎప్పటికీ అర్థంకాని సంగతి.

బటన్ నొక్కాక బొమ్మ కదలడానికి పట్టే ఆలస్యం గేమ్ మోడ్‌లో చాలా తక్కువ, ఈ మూడింటి మధ్య తేడా పెద్దగా తెలియదు. గేమ్ మోడ్ వేయకుండా ఆడితేనే ఇబ్బంది. “టీవీ స్లోగా ఉంది” అని గోలపెట్టే పిల్లల్లో సగంమంది సినిమా మోడ్‌లో ఆడుతుంటారు. ఎల్‌జీ కొంటే హెచ్‌డీఆర్ టోన్ మ్యాపింగ్‌ను ‘హెచ్‌జీఐజీ’లో పెట్టి, పీఎస్5 సెట్టింగుల్లో హెచ్‌డీఆర్ మళ్లీ సరిచేసుకోమనండి. చీకటి లోడింగ్ తెరల మీద వెలుగు అదురుతున్నట్టుంటే టీవీ పాడైందని కంగారుపడొద్దు. గేము ఫ్రేముల వేగాన్ని బట్టి తెర వేగాన్ని మార్చే వీఆర్‌ఆర్ ఆన్‌లో ఉంటే ఓలెడ్ తెరలన్నిట్లో కొద్దో గొప్పో ఉండే జబ్బే అది. డాల్బీ విజన్‌లో గేములు ఆడించేది ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, పీఎస్5 కాదు. కాబట్టి ఆడటం కోసమైతే శాంసంగ్‌ను పక్కన పెట్టడానికి కారణమే లేదు.

మా అత్తగారు పొద్దున కాఫీ దగ్గర్నుంచి రాత్రి మందులు వేసుకునేదాకా న్యూస్ ఛానలే పెట్టుకుంటారు. ఓలెడ్‌లో మచ్చలు పడతాయని భయపెడుతున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

నిజమే. చెప్పేవాళ్లు రెండు రకాలు. ఒకరు ‘అదంతా పాత కథ’ అంటారు, ఇంకొకరు ‘ఆర్నెల్లలో పోతుంది’ అంటారు. ఇద్దర్నీ నమ్మొద్దు.

ఓలెడ్ చుక్క వెలిగిన కొద్దీ అరుగుతుంది. అన్నీ సమానంగా అరిగితే కంటికి తెలియదు. మన తెలుగు న్యూస్ ఛానల్ తెర గుర్తు తెచ్చుకోండి: కుడి మూల లోగో, కింద ఎర్రపట్టీ, దానికింద ఇంకో పట్టీ, పక్కన గడియారం. యాంకర్ కదులుతుంటాడు, పట్టీ మాత్రం రోజంతా అక్కడే. ఆ చుక్కలు ముందు ముసలివవుతాయి. మా ఇంట్లో మొదటి ఓలెడ్‌కి పట్టిన గతి ఇదే. ఎన్నికల ఫలితాల సీజనులో మా నాన్నగారు దాని ముందునుంచి లేవలేదు. కొన్నాళ్లకు క్రికెట్ చూస్తుంటే పచ్చటి గ్రౌండు అడుగున వెడల్పాటి నీడ పట్టీ కనబడింది. బంతి బౌండరీకి వెళ్లిన ప్రతిసారీ ఆ నీడలోకి దూరి బయటికొచ్చేది. కంపెనీ మనిషి వచ్చి చూసి, ఇది వారంటీలోకి రాదని ఒక్క ముక్కలో తేల్చేసి వెళ్లాడు.

తప్పు సగం మాదే. మా ఇంట్లో రాత్రి దేవుడి గది లైటు తప్ప అన్ని స్విచ్చులూ కట్టేసి పడుకోవడం అలవాటు. టీవీ స్టెబిలైజర్‌తో సహా. మీ ఇంట్లోనూ అంతేనా? అయితే ఆ ఒక్క స్విచ్చుకీ మినహాయింపు ఇవ్వండి. నాలుగైదు గంటలు చూసి రిమోట్‌తో ఆపాక, ఓలెడ్ టీవీ స్టాండ్‌బైలో ఉండి తనంతట తను చుక్కల అరుగుదలను కొలిచి సరిచేసుకుంటుంది. గోడ దగ్గర కరెంటు తీసేస్తే ఆ పని ఎన్నటికీ జరగదు. స్టాండ్‌బైకి అయ్యే కరెంటు అర వాటు ఆసుపాసు, దాని గురించి చూసుకోవద్దు. సెట్టింగుల్లో గంటసేపు పట్టే పెద్ద రిఫ్రెష్ కూడా ఒకటి కనబడుతుంది. నెలనెలా దాన్ని నడపొద్దు. మచ్చ బాగా కనబడితే తప్ప ముట్టుకోవద్దని, ఏడాదికి ఒకసారి మించొద్దని సోనీ చెబుతుంది.

ఇన్ని జాగ్రత్తలు చెప్పాక కూడా, రోజుకు పన్నెండు గంటల న్యూస్ నడిచే ఇంట్లో హాల్లోకి ఓలెడ్ తేవద్దనే అంటాను. అత్తగారికి మినీ-ఎల్‌ఈడీ (వెనక లైటు చిన్నచిన్న ముక్కలుగా ఉండే ఎల్‌ఈడీ టీవీ) పెట్టండి. పగటి వెలుతురులో అదే బాగుంటుంది, పట్టీలతో దానికి పేచీ లేదు. ఓలెడ్ మోజు తీరకపోతే మీ పడగ్గదిలో చిన్నది పెట్టుకోండి. ఎల్‌జీ సీ సిరీస్‌లో 42, 48 అంగుళాలవీ వస్తాయి.

కొత్త ఓలెడ్‌లో సినిమా టీవీ సీరియల్‌లా కనబడుతోంది. రిటర్న్ ఇచ్చేయనా?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

వద్దు. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, మధ్యలో లేని ఫ్రేముల్ని టీవీ తనే అల్లుతోంది. సెట్టింగుల్లో దాని పేరు ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో, శాంసంగ్‌లో పిక్చర్ క్లారిటీ. అక్కడికెళ్లి తగ్గించండి. పూర్తిగా తీసేస్తే కెమెరా పక్కకు తిరిగేటప్పుడు బొమ్మ కుదుపులు కుదుపులుగా వెళుతుంది. ఓలెడ్ చుక్క ఫ్రేము మారగానే చప్పున మారిపోతుంది, కళ్లకు సర్దుకునే వ్యవధి ఉండదు. అందుకే కాస్త ఉంచుకోండి, కూరలో ఇంగువంత.

మా తమ్ముడు డాలస్ నుంచి వస్తున్నాడు. అక్కడ సేల్‌లో చవగ్గా వస్తుందట, తెమ్మననా?
– ఒక పాఠకుడు, గుంటూరు

అలాంటి ఆలోచనే పెట్టుకోకండి. ఫ్లాట్ టీవీలకు సామాన్లలో డ్యూటీ ఫ్రీ సౌకర్యాన్ని 2013 ఆగస్టులోనే తీసేశారు. అక్కడి వారంటీ ఇక్కడ చెల్లుతుందన్న భరోసా లేదు, వోల్టేజీ సంగతి వెనక స్టిక్కర్ చూస్తే గానీ తేలదు. పైగా 65 అంగుళాల తెర అంచుల దగ్గర అరచేతి మందం కూడా ఉండదు. బెల్టు మీద అది ఎలా దొర్లుకుంటూ వస్తుందో ఊహించుకోండి. తమ్ముణ్ని బాదంపప్పు తెమ్మనండి.

డబ్బుకు తగ్గ విలువ ఏ ఓలెడ్‌లో ఉంది? తొందరేమీ లేదు, నాలుగు నెలలు ఆగగలను. సోఫాకీ గోడకీ మధ్య తొమ్మిది అడుగులుంటుంది.
– ఒక పాఠకుడు, కర్నూలు

‘ఆగగలను’ అన్నారు చూశారా, సగం డబ్బు అక్కడే మిగిలింది. కొత్త సంవత్సరం మోడళ్లు షాపుల్లోకి దిగగానే పాతవాటి ధర జారుతుంది. అప్పుడు కొనండి. నన్నడిగితే ఎల్‌జీలో కొత్త సీ సిరీస్ కన్నా, స్టాకు దొరికితే అంతకుముందు ఏడాది జీ సిరీస్ మేలు. సీ5, జీ4 దగ్గరదగ్గర ధరలో దొరికితే కళ్లు మూసుకుని జీ4 తీసుకోండి. దాని తెర మీద సూక్ష్మమైన కటకాల పొర ఉంటుంది, లోపల వృథా అయ్యే వెలుతురును అది ముందుకు నెడుతుంది. సీ5 కన్నా ప్రకాశం ఎక్కువ. మరీ బిగించుకోవాలంటే బీ సిరీస్ ఉంది. 120 హెర్ట్జ్, అదే నలుపు. తగ్గేది ప్రకాశం, ప్రాసెసర్. రాత్రిపూట చూసేవాళ్లకు ఆ తేడా పెద్దగా తెలియదు.

32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది. ఎవరైనా పాత ధర పట్టీ చూపించి ‘ఇంత తగ్గించాం’ అంటే అందులో ప్రభుత్వం తగ్గించిందెంతో, వాళ్లు తగ్గించిందెంతో విడదీసి అడగండి.

సైజు సంగతి: తెర అంగుళాల్ని 1.6తో హెచ్చవేస్తే కూర్చునే దూరం వస్తుంది. 65కి 104 అంగుళాలు, అంటే ఎనిమిదిన్నర అడుగులు దాటుతుంది. మీ తొమ్మిదడుగులకు 65 సరిగ్గా సరిపోతుంది. 55 అంగుళాల జీ, 65 అంగుళాల సీ ఒకే ధరలో ఎదురైతే నేను పెద్దదే తీసుకుంటా. ప్రకాశంలో తేడా వారంలో అలవాటైపోతుంది, చిన్నది కొన్నామన్న దిగులు మాత్రం పోదు. గోడకు బిగించేటప్పుడు వచ్చిన కుర్రాళ్లు మధ్యలో చెయ్యి వేసి నొక్కకుండా చూసుకోండి. కింది అంచు దగ్గర ఇద్దరు చెరోవైపు పట్టి ఎత్తాలి.