బ్రౌజర్ మొరాయిస్తే: తొలగించవలసిన అడ్డంకి, పాటించవలసిన హెచ్చరిక



దర్శనం టికెట్టు, వసతి గది, ఆర్జిత సేవ, అన్నదాన విరాళం – ఒకప్పుడు కౌంటరు ముందు వరుసలో నిలబడి పొందిన ఇవన్నీ నేడు ఇంటి నుండే జరుగుతున్నాయి. నేను వారానికి రెండు రోజులు యాత్రికుల సహాయ కేంద్రంలో సేవ చేస్తుంటాను. అక్కడికి వచ్చేవారిలో పలువురు చెప్పే మాట ఒక్కటే: “సైటు పనిచేయడం లేదండీ.” పరిశీలించి చూస్తే అనేక సందర్భాలలో సైటు సక్రమంగానే ఉంటుంది. మొరాయిస్తున్నది బ్రౌజర్. అంటే క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ, ఎడ్జ్ వంటి, సైట్లను మనకు తెరిచి చూపే సాధనం.

బ్రౌజర్ మనలను ఆపినప్పుడు అది రెండింటిలో ఒకటై ఉంటుంది. ఒకటి అడ్డంకి, దానిని అవసరమైన మేరకు తొలగించుకోవచ్చు. రెండవది హెచ్చరిక, దానిని దాటి పోరాదు. ఈ రెంటికీ గల భేదం తెలిస్తే సమయమూ ధనమూ రెండూ నిలుస్తాయి.

బ్రౌజర్ దాచుకునేవి రెండు

ఒకసారి చూసిన పేజీలోని బొమ్మలను, ఇతర భాగాలను బ్రౌజర్ తనవద్ద దాచుకుంటుంది. మరల ఆ పేజీ తెరిచినప్పుడు వేగంగా చూపడానికే ఈ ఏర్పాటు. దీనిని క్యాష్ అంటారు. సైటు మారినా ఒక్కొక్కసారి పాత ప్రతియే కనబడుతుంది. నిన్నటి నోటీసు బోర్డు చూసి నేటి దర్శన వేళలు తెలుసుకోబోవడం వంటిది ఇది.

రెండవది కుకీ. చెప్పుల స్టాండులో ఇచ్చే టోకెను వంటిదని దీనిని నేను వివరిస్తుంటాను. పేజీ నుండి పేజీకి వెళ్ళే మనిషి ఒక్కరేనని సైటు తనంతట గుర్తించలేదు. అందుచేత ఒక చిన్న గుర్తును మన బ్రౌజర్‌కు ఇచ్చి, ప్రతి అడుగులోను దానిని చూపమంటుంది. ఈ పద్ధతిని 1994లో నెట్‌స్కేప్ సంస్థలో లూ మాంటుల్లీ రూపొందించారు. టోకెను గడువు తీరితే ‘సెషన్ ఎక్స్‌పైర్డ్’ అని వస్తుంది. టోకెను చెడిపోతే లాగిన్ అయిన వెంటనే తిరిగి లాగిన్ పేజీయే ఎదురవుతుంది.

చికిత్సకు ఒక క్రమం

సమస్య రాగానే అన్నింటినీ తుడిచివేయడం తగదు. చిన్న ఉపాయంతో ఆరంభించి, అవసరమైతేనే పెద్దదానికి పోవాలి.

1. ముందుగా పేజీని తాజాగా తెప్పించాలి. కంప్యూటరులో కంట్రోల్, షిఫ్ట్, ఆర్ మీటలను కలిపి నొక్కితే క్రోమ్, ఫైర్‌ఫాక్స్ పాత ప్రతిని విడిచి కొత్తది తెస్తాయి. అయితే చెల్లింపు మధ్యలో ఉన్నప్పుడు ఈ పని చేయకూడదు.

2. తరువాత ప్రైవేటు కిటికీలో తెరిచి చూడాలి. క్రోమ్‌లో దీని పేరు ఇన్‌కాగ్నిటో. అందులో పాత కుకీలు ఉండవు. మనం విడిగా అనుమతిస్తే తప్ప ఎక్స్‌టెన్షన్లు, అంటే బ్రౌజర్‌కు తగిలించుకున్న అదనపు హంగులు, పనిచేయవు. అక్కడ సైటు చక్కగా తెరుచుకుంటే దోషం పాత కుకీలలోనో ఎక్స్‌టెన్షన్లలోనో ఉన్నదని ఊహించవచ్చు.

3. అప్పుడు ఆ ఒక్క సైటు కుకీలనే తొలగించాలి. క్రోమ్‌లో చిరునామాకు ఎడమ పక్కనున్న గుర్తును నొక్కితే ‘కుకీస్ అండ్ సైట్ డేటా’ కనబడుతుంది. ఇతర సైట్లలోని లాగిన్‌లకు దీనివలన భంగం కలగదు.

4. ఇవేవీ ఫలించకపోతేనే మొత్తం చరిత్రను తుడిచే ఏర్పాటును ఆశ్రయించాలి. కంప్యూటరులో కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ మీటలు కలిపి నొక్కితే అది తెరుచుకుంటుంది. అక్కడ ‘పాస్‌వర్డ్స్’ అనే గడిలో టిక్కు లేకుండా చూసుకోవడం ముఖ్యం.

సైటును బ్రౌజర్ తెలుగులోకి అనువదించి చూపుతున్నప్పుడు కొన్ని ఫారాలు సరిగా పనిచేయవు. బటను కదలకపోతే అనువాదం ఆపి, మూలభాషలో ప్రయత్నించండి. అక్షరాలు పెద్దవి చేసినందువలన బటను తెర అంచు దాటి పోయి ఉంటే, కంప్యూటరులో కంట్రోల్‌తో సున్నా నొక్కగానే పేజీ మామూలు పరిమాణానికి వస్తుంది.

చెల్లింపు వేళ ఆగిన కిటికీ

అనవసరమైన ప్రకటనలు కొత్త కిటికీలుగా తెరుచుకోకుండా బ్రౌజర్ ఆపుతుంది. ఇది మంచిదే. కాని కొన్ని సైట్లలో బ్యాంకు పేజీ, రసీదు కూడా కొత్త కిటికీలోనే తెరుచుకుంటాయి, వాటినీ ఆపివేస్తుంది.

ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు తల్లిగారి సంవత్సరీకం సందర్భంగా 5,116 రూపాయలు అన్నదానానికి పంపారు. రసీదు రాలేదు. సొమ్ము చేరలేదనుకొని మరల పంపారు. నిజానికి మొదటి చెల్లింపే చేరింది. రసీదు ఉన్న కిటికీని బ్రౌజర్ ఆపివేసింది. “దేవుడి సొమ్మే కదా, పోనివ్వండి” అని ఆయన అన్నారు గాని, పక్కనున్న గృహిణి మాట్లాడలేదు. ఆ నెల ఆమె మందులకు ఉంచిన డబ్బు ఆ ఖాతాలోనిదే. రెండు లావాదేవీల సంఖ్యలతో దేవస్థానం కార్యాలయానికి వినతి వ్రాయించాము. కొద్ది రోజులకు రెండవ మొత్తం తిరిగి వచ్చింది.

ఇటువంటి ఇబ్బంది రాకుండా, చెల్లింపునకు ముందే క్రోమ్ ‘సైట్ సెట్టింగ్స్’లోని ‘పాప్-అప్స్ అండ్ రీడైరెక్ట్స్’ వద్ద ఆ ఒక్క సైటుకు మాత్రమే అనుమతి ఇవ్వండి. అన్ని సైట్లకూ తలుపు తెరవవద్దు.

రసీదు రాకపోతే వెంటనే రెండవసారి చెల్లించకండి. బ్యాంకు సందేశం చూడండి. సైటులోని మీ లావాదేవీల జాబితా చూడండి. ఖాతాలో సొమ్ము తగ్గి, స్వీకరించవలసిన సంస్థకు ధ్రువీకరణ చేరని పక్షంలో, 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం యూపీఐ, ఆన్‌లైన్ కార్డు చెల్లింపులలో లావాదేవీ జరిగిన నాటి నుండి 5 రోజులలోగా ఆ సొమ్ము తిరిగి జమ కావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి.

దాటరాని హెచ్చరికలు

‘మీ కనెక్షన్ సురక్షితం కాదు’ అనే భావంతో ఎర్రని గుర్తు వస్తే ముందుగా తేదీ, సమయం చూడండి. ప్రతి సురక్షిత సైటుకూ ఒక ధ్రువపత్రం, దానికి ఆరంభ, ముగింపు తేదీలు ఉంటాయి. మీ ఫోను గడియారం తప్పుగా ఉంటే సరైన ధ్రువపత్రం కూడా గడువు తీరినదిగా తోస్తుంది. తేదీని ‘ఆటోమేటిక్’గా మార్చితే సమస్య తీరుతుంది. గడియారం సరిగా ఉన్నా హెచ్చరిక పోకపోతే ‘ప్రొసీడ్’ నొక్కి ముందుకు పోకండి, చెల్లింపు చేయకండి.

తాళం గుర్తు ఉన్నంత మాత్రాన అది అసలు సైటేనని నమ్మరాదు. సమాచారం దారిలో ఇతరులు చదవకుండా వెళుతున్నదని మాత్రమే దాని అర్థం. మోసగాళ్ళ సైటుకూ ఆ గుర్తు దొరుకుతుంది. ఈ అపోహ ప్రబలినందుననే 2023లో క్రోమ్ తాళం గుర్తును తీసి వేరొక గుర్తును పెట్టింది.

చిరునామాను చివరి నుండి చదవడం అలవరచుకోండి. మొదటి భాగంలో ఏ క్షేత్రం పేరునైనా ఎవరైనా చేర్చుకోవచ్చు. పేరు తరువాత వచ్చే మొదటి ఏటవాలు గీతకు ముందు ఏమున్నదో అదే ప్రమాణం. ఉదాహరణకు తిరుమల తిరుపతి దేవస్థానముల వారి చిరునామా ‘ఏపీ.గవ్.ఇన్’తో ముగుస్తుంది. ‘గవ్.ఇన్’ ప్రభుత్వ సంస్థలకే లభిస్తుంది. చుక్కకు బదులు అడ్డగీత కనబడినా, చివర వేరొక పదం ఉన్నా ఆగిపోండి.

‘మీ ఫోనులో వైరస్ చేరింది’ అంటూ మాటిమాటికి సందేశాలు వస్తుంటే, ఎప్పుడో ఏదో సైటుకు తెలియక ‘అలో’ నొక్కి ఉండవచ్చు. ‘సైట్ సెట్టింగ్స్’లోని ‘నోటిఫికేషన్స్’లో ఆ పేరును తొలగిస్తే అవి ఆగుతాయి. ఆ సందేశాన్ని మాత్రం నొక్కవద్దు.

నెట్ సెంటరులో బుక్ చేసుకునేవారికి

ప్రైవేటు కిటికీలోనే పని చేయించుకోండి. పాస్‌వర్డు దాచమంటారా అని బ్రౌజర్ అడిగితే వద్దనండి. పని ముగిశాక లాగౌట్ అయి అన్ని కిటికీలూ మూయించండి. అయితే డౌన్‌లోడ్ చేసిన టికెట్టు, ఎక్కించిన ఆధార్ ప్రతి ఆ కంప్యూటరులోనే ఉండిపోతాయి. వాటిని ఎదురుగా తొలగింపజేసి, ‘రీసైకిల్ బిన్’ కూడా ఖాళీ చేయించండి. అలా అడగడానికి మొహమాటపడనక్కరలేదు.

మోసపోయామని గ్రహించిన వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయండి. అది సైబర్ ఆర్థిక నేరాల జాతీయ సహాయ సంఖ్య. బ్యాంకుకూ తెలియజేయండి. ఎంత త్వరగా చెబితే సొమ్మును మధ్యలో నిలిపివేసే అవకాశం అంత ఎక్కువ.

ఇంట్లోని పెద్దల ఫోనులో తేదీ సరిగా ఉన్నదో లేదో, ఏయే సైట్లకు నోటిఫికేషన్ అనుమతి ఉన్నదో ఈ వారమే ఒకసారి చూడవలసిందిగా యువతీయువకులకు నా మనవి.