ఒక గొంతు - పలు గొంతులు

ఖవ్వాలీ గోష్ఠిలో ప్రధాన గాయకుడు పాడిన పంక్తిని తక్కినవారు అందుకొనగానే సభ నిండిపోతుంది. అందరిదీ ఒకే స్వరమైనను, ఏ ఇద్దరి శ్రుతీ, కాలమూ పూర్తిగా కలియవు. ఆ స్వల్పభేదమే బృందగానానికి నిండుదనం. 440, 442 హెర్ట్జ్‌ల నాదాలను కలిపి వింటే సెకనుకు రెండు స్పందనలు తెలియడం ఇందుకు నిదర్శనం.

సంగీత సాఫ్ట్‌వేర్‌లోని కోరస్ సాధనం ఈ భేదాన్నే కల్పిస్తుంది. మూలధ్వనికి నకలు తీసి, సుమారు 15 నుండి 30 మిల్లీసెకన్లు ఆలస్యం చేసి, ఆ ఆలస్యాన్ని మెల్లగా హెచ్చిస్తూ తగ్గిస్తుంది. దానితో నకలు శ్రుతి కొద్దిగా ఊగుతుంది. 1976లో బాస్ సంస్థ వెలువరించిన సి.ఇ.-1 పరికరానికి 'కోరస్ ఎన్‌సెంబుల్' అని పేరు. నేటి ఎన్‌సెంబుల్ సాధనాలలో సాధారణంగా నకళ్లు పలు ఉండి, వేర్వేరు దశలలో ఊగుతాయి. కనుక ఏ ఒక్క ఊపూ విడిగా వినబడదు.

సర్దుబాటులో మొదట వేగాన్ని సెకనుకు ఒక ఆవృత్తికి లోపుగా ఉంచాలి. పిమ్మట లోతును ఊపు వినిపించే వరకు పెంచి, అది మరుగుపడే వరకు తగ్గించాలి. మిశ్రమంలో మూలధ్వనికే ప్రాధాన్యం ఉండాలి. మంద్రనాదాలకు ఎక్కువగా వాడితే అవి పట్టు కోల్పోతాయి. చివరకు రెండు స్పీకర్ల ధ్వనిని ఒకటిగా కలిపి వినాలి. గానం పలచబడితే మోతాదు తగ్గించాలి.

నిండుదనం కొరకు పదస్పష్టతను బలి ఇవ్వరాదు. యంత్రం గొంతులను పెంచగలదు గాని, ఒకరి ఊపిరి విని మరొకరు పాడే మనుషులను సృష్టించలేదు. వార్షికోత్సవ గీతానికి పదిమంది దొరికితే ముందు వారినే నిలబెట్టుదాం. ఒక్కరే ఉన్ననాడు ఈ సాధనాన్ని ఆశ్రయిద్దాం.