ఊపిరితిత్తులలో నీరు: రకాలు, కారణాలు

“ఊపిరితిత్తులకు నీరు పట్టింది” అని వాడుకలో అనే మాట రెండు వేర్వేరు స్థితులకు వర్తిస్తుంది. ఊపిరితిత్తిని కప్పి ఉండే రెండు పొరల నడుమ నీరు చేరడం మొదటిది. మన దేశంలో క్షయ దీనికి ఒక ముఖ్య కారణం. ఈ నీటిని సూదితో తీయవచ్చు. ఊపిరితిత్తి లోపలి వాయుగోణులే నీటితో నిండడం రెండవది. దీనిని సూదితో తీయడం సాధ్యం కాదు. కొద్ది గంటలలోనే ఇది ప్రాణాపాయానికి దారితీయవచ్చు. ప్రస్తుత వ్యాసం ఈ రెండవ స్థితిని గురించినది.

వాయుగోణుల చుట్టూ రక్తకేశనాళికలు అల్లుకొని ఉంటాయి. వీటిలోని రక్తపీడనం నీటిని వెలుపలికి నెట్టుతుంది. రక్తంలోని మాంసకృత్తులు దానిని లోపలికి లాగి ఉంచుతాయి. ఈ సమతౌల్యాన్ని 1896లో ఎర్నెస్ట్ స్టార్లింగ్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు వివరించాడు. పీడనం హెచ్చినా, నాళికల గోడలు దెబ్బతిన్నా నీరు వాయుగోణులలోనికి ఊరుతుంది.

పీడనం హెచ్చడానికి సాధారణ కారణం గుండె జబ్బు. గుండెపోటు వలన గాని, దీర్ఘకాలపు రక్తపోటు వలన గాని ఎడమ జఠరిక బలహీనపడినప్పుడు రక్తం వెనుకకు, ఊపిరితిత్తులలో నిలిచిపోతుంది. కీళ్లవాత జ్వరం వలన మిట్రల్ కవాటం ఇరుకైనప్పుడూ ఇదే జరుగుతుంది. రోగికి పడుకుంటే ఆయాసం పెరుగుతుంది. లేచి కూర్చుంటే కొంత ఉపశమనం కలుగుతుంది.

గోడలు దెబ్బతినడానికి తీవ్రమైన న్యుమోనియా, రక్తానికి సోకిన అంటు, విషవాయువులు కారణాలు. 1984 డిసెంబరులో భోపాల్‌లో మిథైల్ ఐసోసయనేట్ వాయువు పీల్చిన వారిలో అనేకులు ఈ విధంగానే మరణించారు.

గుండె ఆరోగ్యంగా ఉన్నవారికి కూడా ఎత్తైన పర్వతాలపై ఈ స్థితి రావచ్చు. ప్రాణవాయువు తగ్గినప్పుడు ఊపిరితిత్తులలోని ధమనులు ముడుచుకొని, వాటిలో పీడనం హెచ్చుతుంది. పూర్వం దీనిని న్యుమోనియాగా పొరబడేవారు. 1960లో చార్లెస్ హూస్టన్ అనే అమెరికన్ వైద్యుడు ఇది వేరని స్పష్టం చేశాడు. 1962 యుద్ధకాలంలో దేశం నలుమూలల నుండి మన సైనికులు హిమాలయాలకు త్వరితంగా తరలవలసి వచ్చింది. వారిలో కనిపించిన ఈ వ్యాధిని సైనిక వైద్యుడు ఇందర్ సింగ్, ఆయన సహచరులు పరిశీలించి 1965లో ప్రకటించిన వ్యాసం ప్రపంచ వైద్యులకు ప్రమాణమైంది. పర్వతాలకు అలవాటుపడినవారు సైతం సెలవుపై మైదానాలకు వచ్చి, తిరిగి వెళ్లినప్పుడు దీనికి లోనుకావచ్చు.

సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌కు విమానంలో దిగే విద్యార్థులకు, అంతకంటె ఎత్తైన కేదారనాథ్, అమరనాథ్ క్షేత్రాలకు వెళ్లే తెలుగు యాత్రికులకు ఈ విషయం తెలిసి ఉండాలి. వ్యాధి తరచుగా రెండవ రోజు నుండి నాలుగవ రోజు లోపల, ముఖ్యంగా రాత్రివేళ తలయెత్తుతుంది. పొడిదగ్గు, విశ్రాంతిలోనూ తగ్గని ఆయాసం, నీలివర్ణం దాల్చిన పెదవులు, గులాబీ రంగు నురుగుతో కూడిన కఫం దీని లక్షణాలు. రోగికి వెంటనే ప్రాణవాయువు అందించాలి. తెల్లవారే వరకు వేచి ఉండక క్రిందికి దింపాలి.

మూడు సందర్భాలలోను ఆయాసం ఒక్కటే. కారణాలు వేరు, చికిత్సలు వేరు. గుండె జబ్బుకు నీటిని వెడలించే మందు ముఖ్యం. పర్వతవ్యాధికి అది ప్రధాన చికిత్స కాదు. కనుక కారణాన్ని గుర్తించడమే చికిత్సకు తొలిమెట్టు.