సైలెన్సర్ రిపేర్ తర్వాత చెక్ ఇంజిన్ లైట్ వెలిగిందా? కొత్త సెన్సర్ ఆర్డర్ పెట్టే ముందు ఇది చదవండి

ఇక్కడ మనం ఎప్పుడూ ఫోన్లు, ఇయర్‌బడ్స్ గురించే మాట్లాడుకుంటాం. ఈసారి ఒక చిన్న మార్పు. ఆరేడు వందల రూపాయల బ్లూటూత్ డాంగిల్, ఒక ఆండ్రాయిడ్ ఫోన్ పెట్టుకుని మా ఇంటి పాత కారులో తప్పు ఎక్కడుందో ఎలా పట్టుకున్నానో చెప్తాను. అంతకంటే ముందు, అదే డాంగిల్ చూపించింది సరిగ్గా చదవడం రాక 3,200 రూపాయలు ఎలా పోగొట్టుకున్నానో కూడా చెప్తాను. నా బీటెక్ కంప్యూటర్ సైన్స్, మెకానికల్ కాదు. కాబట్టి నాకు అర్థమైందంటే మీకూ అర్థమవుతుంది.

అసలేం జరిగింది?

మాది బోధన్. నాన్న నిజాం షుగర్స్‌లో మెయింటెనెన్స్‌లో పనిచేసేవారు. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడ్డప్పటి నుంచి ఇంటిపట్టునే ఉంటున్నారు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం. కారు 2014 మోడల్, 1.2 లీటర్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. అమ్మని నెలకు రెండుసార్లు నిజామాబాద్‌లో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలంటే ఆ కారే దిక్కు. సుమారు 25 కిలోమీటర్లు.

మొన్న చెరకు సీజన్‌లో ఎడపల్లి దగ్గర ఎదురుగా వస్తున్న లోడు ట్రాక్టర్‌కి దారి ఇవ్వబోయి నాన్న కారుని రోడ్డు దింపారు. కింద రాయి తగిలి సైలెన్సర్ ముందు పైపు పగిలింది. నిజామాబాద్‌లో ఒక షెడ్‌లో విప్పి, వెల్డింగ్ చేసి, మళ్లీ బిగించారు. సౌండ్ తగ్గింది. వారం తిరక్కుండానే మీటర్‌లో పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలిగింది. లీటరుకి 16 వచ్చే మైలేజీ 12కి పడిపోయింది. సిగ్నల్ దగ్గర ఆగితే బండి వణుకుతోంది.

నాన్న ఫోన్‌లో ఒకటే మాట అన్నారు: "రిపేరు చేయించినంకనే వెలిగిందిరా. అంతకుముందు లేకుండె."

మొత్తం కేసు ఆ ఒక్క మాటలోనే ఉంది. నేనే పట్టించుకోలేదు.

నేను చేసిన తప్పు

శనివారం ఇంటికెళ్లి స్టీరింగ్ కింద ఉండే పోర్టులో డాంగిల్ పెట్టాను. టార్క్ యాప్‌లో కోడ్ వచ్చింది: పి0171. అర్థం "మిశ్రమంలో పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ". నెట్‌లో వెతికితే మొదట కనిపించిన సలహా "ఆక్సిజన్ సెన్సర్ మార్చండి". ఆర్డర్ పెట్టాను, వచ్చింది, మార్పించాను, కోడ్ క్లియర్ చేశాను. హ్యాపీ. రెండు రోజులకి లైట్ మళ్లీ వచ్చింది.

మన భాషలో చెప్పాలంటే, లాగ్‌లో ఎర్రర్ లైన్ చూసి, ఆ లైన్ రాసిన ఫైల్‌నే డిలీట్ చేశానన్నమాట. ఎర్రర్ ఎక్కడ కనిపించిందో చెప్పేది వేరు, ఎక్కడ పుట్టిందో వేరు. కోడ్ అనేది సెన్సర్ ఏం చూసిందో చెప్తుంది. ఏ పార్ట్ పాడైందో చెప్పదు.

సెన్సర్ అబద్ధం చెప్పలేదు

ఇది అర్థమైతే మిగతాదంతా సులువు. పెట్రోల్ పూర్తిగా మండాలంటే ఒక కిలో పెట్రోల్‌కి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూసే సెన్సర్ ఇంజిన్‌కి దగ్గర్లో, పొగ గొట్టంలోనే ఉంటుంది. ఆక్సిజన్ ఎక్కువ కనిపిస్తే "పెట్రోల్ చాలట్లేదు" అని కారు కంప్యూటర్, అంటే ఈసీయూ, ఇంకాస్త పెట్రోల్ కొడుతుంది.

ఇప్పుడు ఆ సెన్సర్‌కి ముందే గొట్టంలో సన్నటి సందు ఉందనుకోండి. పొగ ఒకే ధారగా రాదు, దెబ్బ దెబ్బగా వస్తుంది. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య గొట్టంలో ప్రెషర్ బయటి గాలికంటే తగ్గుతుంది. ఆ క్షణంలో సందులోంచి బయటి గాలి లోపలికి వస్తుంది. సెన్సర్ ఆ గాలిని కూడా లెక్కేస్తుంది. ఈసీయూ పెట్రోల్ పెంచుతుంది. నిజానికి ఇంజిన్‌లో పెట్రోల్ సరిపడానే ఉంది. ఇప్పుడు అవసరానికి మించి పడుతోంది. మైలేజీ పోవడం, పెట్రోల్ వాసన, వణుకు అన్నీ అక్కడి నుంచే.

స్టెప్ బై స్టెప్ ఎలా పట్టుకోవాలి

1. కోడ్ క్లియర్ చేయకండి. ముందు స్క్రీన్‌షాట్ తీయండి. ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా సేవ్ చేయండి. కోడ్ పడిన క్షణంలో ఆర్‌పీఎం, వేడి, లోడ్ ఎంతో అందులో ఉంటుంది.

2. సెన్సర్ బతికే ఉందా చూడండి. లైవ్ డేటాలో ముందు ఆక్సిజన్ సెన్సర్ గ్రాఫ్ పెట్టండి. మాలాంటి పాత కార్లలో అది 0.1 నుంచి 0.9 ఓల్టుల మధ్య గబగబా ఊగుతూ ఉండాలి. మా పాత సెన్సర్ చక్కగా ఊగుతూనే ఉంది. ఈ ఒక్క గ్రాఫ్ ముందే చూసి ఉంటే 3,200 మిగిలేవి. కొన్ని కార్లలో వేరే రకం సెన్సర్ ఉంటుంది, దానికి ఈ అంకెలు వర్తించవు.

3. ఫ్యూయల్ ట్రిమ్ చూడండి. ఈసీయూ తన లెక్కకి ఎంత శాతం కలుపుతోందో, తీసేస్తోందో ట్రిమ్ చెప్తుంది. షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ రెండూ కూడి చూడాలి. మామూలుగా ప్లస్ 10, మైనస్ 10 లోపల ఉంటే ఓకే. మా కారు ఇంజిన్ వేడెక్కాక ఐడిల్‌లో ప్లస్ 28, అదే 2,500 ఆర్‌పీఎంలో ప్లస్ 10. ఐడిల్‌లో ఎక్కువై, రేస్ చేస్తే తగ్గుతోందంటే బయటి గాలి ఎక్కడి నుంచో దూరుతోందని అనుమానించాలి. వేగం పెరిగితే పొగ ప్రవాహం ఎక్కువై, దూరే గాలి వాటా తగ్గిపోతుంది. దీనికి రివర్స్‌లో, లోడ్ పెరిగేకొద్దీ ట్రిమ్ పెరుగుతుంటే ఫ్యూయల్ పంప్, ఫిల్టర్ వైపు చూడాలి.

4. స్పార్క్ ప్లగ్‌ని సాక్షిగా పిలవండి. ఇంజిన్‌కి గాలి వెళ్లే వైపు లీకున్నా ట్రిమ్ ఇలాగే కనిపించొచ్చు. తేడా పట్టించేది ప్లగ్. అటువైపు లీకైతే ఈసీయూ పెంచిన పెట్రోల్ సరిగ్గా సరిపోతుంది, ప్లగ్ మామూలు రంగులో ఉంటుంది. ఇంజిన్ చల్లారాక మేం ప్లగ్‌లు తీస్తే నాలుగింటికీ పొడి నల్ల మసి. కంప్యూటర్ "పెట్రోల్ తక్కువ" అంటోంది, ప్లగ్ "ఎక్కువ" అంటోంది. ఈ రెండూ కొట్టుకున్నాయంటే పొగ గొట్టం లీకుని మొదట అనుమానించండి.

5. లీకు వెతకండి. ఇక్కడ నాన్న ఎక్కువ పనికొచ్చారు. ఫ్యాక్టరీలో స్టీమ్ లీకులు చెవితోనే పట్టేవారు. "పొద్దున చల్లగున్నప్పుడు స్టార్ట్ చెయ్యి. వేడెక్కితే ఇనుము సాగి సందు మూసుకుంటది" అన్నారు. నిజమే, తెల్లారి స్టార్ట్ చేయగానే టిక్ టిక్ అని సన్న చప్పుడు, అయిదు నిమిషాలకి మాయం. ఇంజిన్ ఆపి, పూర్తిగా చల్లారనిచ్చి, ఇంట్లో ఉన్న బ్లోయర్‌తో వెనక పైపులోకి గాలి కొట్టి, జాయింట్ల మీద సర్ఫ్ నీళ్లు చల్లాం. పంక్చర్ షాపులో ట్యూబ్‌ని నీళ్లలో ముంచినట్టే. వెల్డింగ్ దగ్గర ఒక్క బుడగ కూడా లేదు! ఇంజిన్‌కి పొగ గొట్టం మొదలయ్యే చోట, మానిఫోల్డ్ జాయింట్ దగ్గర, బుడబుడమని నురగ వచ్చింది. హీట్ షీల్డ్ తీస్తే అక్కడే నల్లటి గీత.

వెల్డింగ్ బాగానే చేశారు. పైపు విప్పడానికి మానిఫోల్డ్ కూడా ఊడదీసి, తిరిగి బిగించేటప్పుడు పాత గ్యాస్కెట్‌నే పెట్టేశారు. కొత్త గ్యాస్కెట్, నట్లు, కూలీ అన్నీ కలిపి 900 అయింది.

అమ్మ తలనొప్పి

ఈ ఆర్టికల్ రాయడానికి అసలు కారణం ఇది. రిపేర్ అయిన దగ్గర్నుంచీ నిజామాబాద్ వెళ్లొచ్చిన ప్రతిసారీ అమ్మ తల నొస్తోందనేది. ఎండ అనుకున్నాం, బీపీ అనుకున్నాం. లీకు దొరికిన రోజు లెక్క కలిసింది. పెట్రోల్ ఎక్కువై సరిగ్గా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ పుడుతుంది. లీకేమో బానెట్ కింద. కారు లోపలికి గాలి తీసుకునే జాలి ముందు అద్దం కింద, బానెట్ వెనకే ఉంటుంది. ఆ గ్యాస్‌కి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, మత్తు, వికారంతో మొదలై ప్రాణం మీదికి తెస్తుంది. అమ్మ తలనొప్పికి అదే కారణమని టెస్ట్ చేసి నిరూపించలేదు. కానీ గ్యాస్కెట్ మార్చాక మళ్లీ రాలేదు.

కాబట్టి పొగ గొట్టం లీకుందని అనుమానం వస్తే అది మైలేజీ సమస్య కాదు, మనుషుల సమస్య. రిపేర్ అయ్యేదాకా కారు నడపకండి. దారిలో ఉండగా తల దిమ్మెక్కితే వెంటనే ఆపి బయటికి దిగండి, తగ్గకపోతే ఆస్పత్రికి వెళ్లండి. షట్టర్ మూసిన గ్యారేజీలో ఇంజిన్ ఆన్ చేసి టెస్టులు చేయొద్దు.

రిపేర్ తర్వాత ఇవి కూడా చూడండి

• సెన్సర్ వైరు వేడి పైపుకి తగిలి కరిగిందా? కనెక్టర్ పూర్తిగా కూర్చుందా?
• వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ కనెక్షన్ తీశారా? లేకపోతే ఈసీయూకి ప్రమాదం. ఈసారి ముందే అడగండి.
• పి0420 వస్తే క్యాటలిటిక్ కన్వర్టర్ పోయిందని కంగారు పడొద్దు. వెనక సెన్సర్ దగ్గర లీకున్నా ఆ కోడ్ పడొచ్చు. తడితే లోపల గలగలమంటే మాత్రం దెబ్బతిన్నట్టే.
• లైట్ మిణుకుమిణుకుమంటే బండి ఆపేయండి. మండని పెట్రోల్ కన్వర్టర్‌లోకి వెళ్లి దాన్ని కాల్చేస్తుంది.

పెట్రోల్‌లో ఇథనాల్ సంగతి

మా చెరకు బెల్ట్‌లో ఈ డౌట్ అందరికీ వస్తుంది: "ఇదంతా ఇథనాల్ వల్లేనా?" కొంతవరకే. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి 20 శాతం కలిస్తే 14.7 కాస్తా సుమారు 13.5 అవుతుంది. ట్రిమ్ కొన్ని శాతాలు పైకి జరగడం సహజం. కానీ అది ఐడిల్‌లోనూ, స్పీడ్‌లోనూ దాదాపు ఒకేలా జరుగుతుంది. 28, 10 లాంటి తేడా ఇథనాల్ తేదు.

డాంగిల్ కొనాలనుకునేవాళ్లకి

మన దేశంలో బీఎస్4 కార్లకి ఓబీడీ2 2013 ఏప్రిల్ నుంచి వచ్చింది. బీఎస్4 దేశమంతా అమలైంది మాత్రం 2017 ఏప్రిల్‌లో. అందుకే పాత కారైతే ముందు స్నేహితుడి డాంగిల్‌తో ట్రై చేయండి. చవక ఈఎల్‌ఎం327 క్లోన్లలో మామూలు బ్లూటూత్‌వి ఆండ్రాయిడ్‌కి ఓకే. ఐఫోన్ అయితే వైఫై లేదా బ్లూటూత్ లో ఎనర్జీ మోడల్ తీసుకోండి. పని అయ్యాక తీసేయండి, పెట్టి వదిలేస్తే బ్యాటరీ దిగిపోవచ్చు.

ఇంకో మాట. కారు బాగున్నప్పుడే ఐడిల్‌లో, 2,500లో ట్రిమ్ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. రేపు తేడా వస్తే పోల్చడానికి అదే ఆధారం. మా కారు ఇప్పుడు ప్లస్ 5 దగ్గర నిలకడగా ఉంది, మైలేజీ మళ్లీ 16కి వచ్చింది.

మీ బండికి ఏదైనా రిపేర్ తర్వాత కొత్త సమస్య వస్తే, డాంగిల్ పెట్టేముందు ఒక ప్రశ్న వేసుకోండి: చివరిసారి చెయ్యి పడింది ఎక్కడ? నాన్న మొదటి ఫోన్‌లోనే చెప్పింది అదే. ఆ 3,200 సెన్సర్ ఇప్పుడు స్పేర్‌గా మా అటక మీద ఉంది.